దవడ కింద అరచెయ్యి

"దవడ నొస్తున్నదా బిడ్డా?" అని పక్కన కూర్చున్న ముసలమ్మ అడిగేదాకా, నా అరచెయ్యి నా గడ్డం కింద ఉందని నాకే తెలియదు.

అహేరి బస్టాండుకు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో జరిగింది ఇది. తహసీలు ఆఫీసులో ఒక కాగితం పని మీద వెళ్ళాను. రేపు రమ్మన్నారు. వాళ్ళ రేపు ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలియాలి. తిట్టుకుంటూ వచ్చి బల్ల మీద కూలబడ్డాను. ఎదురుగా గోడ మీద టీవీ. అందులో ఒకామె ఇంగ్లీషులో వార్తలు చదువుతోంది, కానీ హోటలతను శబ్దం తీసేసి పెట్టాడు. ఆమె నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, పెదవులు సాగుతున్నాయి, గుండ్రమవుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. నేను ఆమె మూతినే చూస్తూ, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆమెతో పాటు నా దవడను దించుతూ ఎత్తుతూ కూర్చున్నాను. యాభై అయిదేళ్ళ ఆడమనిషిని, నలుగురి మధ్యలో. ముసలమ్మ కాబట్టి పంటి నొప్పి అనుకుంది. ఇంకొకరైతే పిచ్చి అనుకునేవాళ్ళు.

"లేదమ్మా, ఊరికే," అని చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. చాయ్ వచ్చింది. ఒక గుక్క తాగి చూసుకుంటే చెయ్యి మళ్ళీ గడ్డం కిందే ఉంది.

ఆ చెయ్యిని అక్కడ పెట్టించింది మా ఇంగ్లీషు సార్. సిరోంచ బడిలో, నేను ఎనిమిదిలో ఉన్నప్పుడు. ఎనభైల నాటి మాట. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. చెయ్యి తీసెయ్యమని చెప్పేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

ఆయన పేరు రాయను. ఆయన మనుషులెవరైనా చదివితే నొచ్చుకుంటారు. అదీ కాక, ఆ పేరు రాసే యోగ్యత నాకుందా అని నాకే అనుమానం.

పొట్టి మనిషి. మడమల పైకి ఉండే ప్యాంటు, ఇస్త్రీ లేని తెల్ల చొక్కా. గడ్డం మీద ఎప్పుడూ సుద్ద మరక ఉండేది. సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే దవడ పట్టుకుని పాఠం చెప్పేవారు మరి. మా గడ్డాలకూ ఆ సుద్దే అంటేది. సాయంత్రం ఇంటికి పోతే మా అమ్మ నా ముఖం చూసి, "ఇయ్యాల ఇంగ్లీషు అయినట్టున్నది, మూతి కడుక్కో పో," అనేది. సిరోంచలో ఆ రోజుల్లో తెల్ల గడ్డంతో తిరిగే పిల్లలెవరైనా మా వర్గం వాళ్ళే. తరగతిని మేము మరాఠీలో వర్గం అనేవాళ్ళం.

మా పరిస్థితి కొంచెం చెప్పాలి. మాది మరాఠీ రాష్ట్రంలో సరిహద్దు తాలూకా. ఇంట్లో తెలుగు. బళ్ళో పుస్తకాలన్నీ మరాఠీ. సంతలో హిందీ. భామ్రాగడ్ వైపు అడవి ఊళ్ళ నుంచి వచ్చి చదువుకునే పిల్లలకు వీటన్నిటికంటే ముందు గోండీ. ఇన్నిటి మధ్యకి ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. మిగతా సార్లు స్పెల్లింగులు బట్టీ పట్టించి ఊరుకునేవాళ్ళు. ఈయన పుస్తకం మూయించేవారు.

"పుస్తకం మూయిండ్రి. నోరు తెర్వుండ్రి," అనేవారు రాగానే. "కుడి చెయ్యి గడ్డం కింద పెట్టుండ్రి. తగలొద్దు, జర సందు ఉండాలె. ఇగ అనుండ్రి: పిన్."

పిన్ అన్నాం.

"గడ్డం చేతికి తగిలిందా? తగలొద్దు. ఇప్పుడు పెన్. తగిలిందా? తగలాలె. ఇప్పుడు ప్యాన్. చేతిని కిందికి నూకాలె. నూకుండ్రి, నూకుండ్రి. నోట్లకు ఈగ పోతే నేను తీస్త."

నలభై దవడలు ఒకేసారి దిగేవి. కిటికీలోంచి చూసిన వాళ్ళు బడి మొత్తానికి ఆవలింతలు వచ్చాయనుకునేవాళ్ళు. అచ్చులు అయిదే అని మిగతా వాళ్ళంతా చెప్పారు మాకు. అక్షరాలు అయిదే, సప్పుళ్ళు శానా, అని ఈయన చెప్పేవారు. పొట్టి అచ్చులే ఆయన ప్రాణం. పొడుగు అచ్చులను ఎవడైనా లాగి పాడతాడు, పొట్టివాటి దగ్గరే మనిషి తేలిపోతాడు అనేవారు. పిన్, పెన్, ప్యాన్. కట్, కాట్, క్యాట్. తెలుగు అక్షరాల్లో రాసుకోబోతే పెన్సిలు లాక్కునేవారు.

"రాస్తే గది అక్షరమైతది. నాకు అక్షరమద్దు బిడ్డా, మూతి గావాలె," అనేవారు.

ఆయన పోలికలన్నీ మా ఇళ్ళలోంచే తెచ్చేవారు. ఒకరోజు నన్ను లేపారు. "మీ ఇంట్ల మేకలున్నయ్ గదా. మీ అమ్మ మేకను ఏమంటది?"

"మ్యాక అంటది సార్," అన్నాను. అందరూ నవ్వారు.

"నవ్వకుండ్రి. అను మల్ల. మ్యాక. చెయ్యి పెట్టి అను." అన్నాను. గడ్డం చేతిని కిందికి నెట్టింది. "సూసిండ్రా, ఇంగ్లీషోళ్ళ అచ్చు వీళ్ళ కొట్టంల గట్టేసి ఉన్నది. గా మ్యాకను జర పొట్టిగ చేస్తే ప్యాన్ అయితది." ఇలాగే, కడుపులో ఎవరైనా గుద్దితే 'అ' అంటామే, అదే కట్‌లో ఉన్నది అనేవారు. వేడి అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు మూతి ఎట్ల తిరుగుతుందో, అది కాట్ అనేవారు. సరిగ్గా అంటే ఒక్కటే మాట: "బరాబర్."

ఆ బరాబర్ కోసం మేము చచ్చేవాళ్ళం. నేను మరీను.

ఆయన గురించి ఊళ్ళో రెండు మాటలు ఉండేవి. ఒకటి, గొంతు పెద్దది. సంతలో వంకాయల ధర అడిగితే ఆ చివరి కొట్టువాడు కూడా జవాబు చెప్పేవాడు. ఇంగ్లీషు మాట్లాడీ మాట్లాడీ గొంతు అట్లా అయిందని మేము అనుకునేవాళ్ళం. రెండోది, పొగరు. వెనకనుంచి ఎవరు పిలిచినా తిరిగేవారు కాదు. "ఇంగ్లీషు వచ్చినంక మన పిలుపు ఇనవడ్తదా," అని మా నాన్నే ఒకసారి అన్నాడు. తమాషాకే అన్నాడు పాపం.

నల్లబల్ల పక్కన మేకుకు ఒక గుండ్రటి అద్దం ఉండేది. మంగలి వాళ్ళ దగ్గర ఉండేలాంటిది. బల్ల మీద రాస్తూ మధ్యమధ్య దాంట్లోకి చూసేవారు. సార్‌కి సోకు అని ఆడపిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఉన్న నాలుగు వెంట్రుకలకు అద్దమెందుకని.

ఆ వానాకాలం నాకు జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. నా వంతు వచ్చింది. లేచి, చెయ్యి పెట్టి, పిన్ పెన్ ప్యాన్ అన్నాను. ఊపిరి కూడా రాలేదు, ఉత్త మూతి కదిలింది. గొంతు పోయింది సార్ అని సైగ చేసేలోపే ఆయన, "బరాబర్, కూసో," అన్నారు. మిగతా పిల్లలు సార్ జాలిపడ్డారనుకున్నారు. నేను కూర్చున్నాను గానీ నాకు అది జాలి అనిపించలేదు. జాలిపడితే గొంతుకేమైందని అడుగుతారు కదా. ఆయన అడగలేదు. గొంతు లేదన్న సంగతే ఆయనకు తెలియదు.

నాకు అప్పటికి బుద్ధి ఉందో లేదో గానీ ధైర్యం మాత్రం బాగా ఉండేది. నాలుగు రోజులకు గొంతు వచ్చింది. ఆయన అటు తిరిగి బల్ల మీద రాస్తున్నారు. నేను ముందు బెంచీలో, అద్దంలో ఆయన కళ్ళు కనబడేచోట కూర్చున్నాను. ఆయన చూపు అద్దంలో నా మీదికి వచ్చినప్పుడు, చప్పుడు లేకుండా, దవడ బాగా తెరిచి, ఒక్కొక్క మాటా విడదీసి అన్నాను.

"సార్. మీకు. ఇనవడదా?"

సుద్దముక్క ఆగిపోయింది.

ఆయన తిరగలేదు. వర్గంలో ఎవరికీ ఏమీ తెలియదు, వాళ్ళు బల్ల మీది మాటలు ఎక్కించుకుంటున్నారు. అద్దంలో ఆ కళ్ళు నన్నే చూస్తున్నాయి. అంత భయపడిన పెద్దమనిషిని నేను అంతవరకు చూడలేదు. అది నా వల్ల కలిగిన భయం. కొంతసేపటికి సుద్ద మళ్ళీ కదిలింది. ఆ రోజు రాసిన వరుస వంకరగా పోయింది.

బడి విడిచాక, "ఇంటికి రా," అని మాత్రం అన్నారు.

వాళ్ళ ఇల్లు ప్రాణహిత వైపు పోయే దారిలో, రెండు గదుల పెంకుటిల్లు. నేను దడి దగ్గర నిలబడేసరికి సార్ భార్య వాకిట్లో బియ్యం చెరుగుతోంది. మేము ఆమెను పెద్దమ్మా అనేవాళ్ళం. సార్ అరుగు మీద ఉన్నారు. ఆమె తలెత్తి ఆయనతో ఏదో అంది. ఆయన, "ఆ పిల్లనే," అన్నారు. ఆమె మళ్ళీ అంది. ఆయన, "ఏమో, అడుగు నువ్వే," అన్నారు. ఆయన మాటలు మాత్రమే వినిపిస్తున్నాయి నాకు. ఆమె మూతి కదులుతోంది, గొంతు లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాళ్ళు అట్లాగే మాట్లాడుకునేవాళ్ళట. అరిచి చెప్పినా ఆయనకు లాభం లేదు, పక్కింటి వాళ్ళకు మాత్రం తెలుస్తుంది. అందుకని పెద్దమ్మ గొంతు మానేసింది. చెరిగిన నూకల చప్పుడు, సార్ గొంతు, ఆమె మౌనం. ఆ వాకిలి గుర్తొస్తే ఇప్పటికీ నాకు చెవుల మీద ఎవరో చేతులు మూసినట్టుంటుంది.

ఆమె నన్ను కూర్చోబెట్టి బెల్లం ముక్క పెట్టింది. "ఏండ్ల సంది తక్కువైతనే ఉన్నది బిడ్డా. పోయిన ఏడు మొత్తమే పోయింది. ఎవ్వలకు చెప్పకు. ఇంక రెండేండ్లు ఉన్నది నౌకరి. రెండేండ్లు అయితే పింఛను వస్తది. ఇప్పుడు తెలిసిందంటే ఇంటికి తోలేస్తరు. మాకు వేరే దిక్కు లేదు."

"చెప్ప పెద్దమ్మా," అన్నాను.

"ఒట్టా?"

"ఒట్టు."

సార్ మా ఇద్దరి మూతులనూ మార్చి మార్చి చూస్తూ ఉన్నారు. నేను లేచేటప్పుడు, "ఒట్టు అన్నప్పుడు మూతి గుండ్రంగ పెట్టినవ్, బరాబర్," అన్నారు. పెద్దమ్మ నవ్వలేక నవ్వింది.

అప్పుడు అర్థమైంది నాకు ఆ పాఠమంతా. మా దవడలు అంతంత తెరవమని ఆయన ఎందుకు ప్రాణం తీసేవారో. పిన్నుకూ పెన్నుకూ తేడా మాకు నేర్పడం ఒక సగం, ఆయన చూడగలగడం మిగతా సగం. చెవులు బాగున్న రోజుల్లో నేర్చుకున్న సప్పుళ్ళను ఆయన మా మూతుల మీద చూసుకుంటున్నారు. మా వర్గంలో ఎవరైనా సరిగ్గా అంటే ఆ కళ్ళు తేమగా అయ్యేవి. అది సంతోషం అనుకున్నాం అంతవరకు.

మరుసటి రోజు నుంచి నేనే ఆయన చెవులు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. వెనక బెంచీల్లోంచి ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన చూపు నా మీదికి వచ్చేది. నేను చప్పుడు లేకుండా ఆ మాట అనేదాన్ని. ఆయన వెనక బెంచీ వాళ్ళకు జవాబు చెప్పేవారు. గుమ్మం దగ్గర చప్రాసీ వచ్చి నిలబడితే నా కళ్ళు అటు తిరిగేవి, ఆయన కూడా అటు తిరిగేవారు. నెలలు గడిచాయి. నిజం చెప్తున్నాను, నా జీవితంలో అంత గర్వంగా నేనెప్పుడూ లేను. పెళ్ళప్పుడు కూడా లేను. ఒక పెద్దమనిషి బతుకు నా మూతి మీద నడుస్తోందని ఆ వయసులో తెలియడం మంచిది కాదేమో.

చలికాలంలో అహేరిలో ఇంగ్లీషు చదివే పోటీ పెట్టారు. తాలూకా బళ్ళ నుంచి ఒక్కొక్కరు రావాలి. నేనే పోతానని నాకు అనుమానమే లేదు. అమ్మ కొత్త రిబ్బన్లు కూడా కొంది. సార్ వర్గమంతటినీ ఒక్కొక్కరినీ లేపి చదివించారు. చివరికి, "పోటీకి నువ్వు పోతున్నవ్," అని వెనక బెంచీ వైపు వేలు చూపించారు.

అక్కడ కూర్చునే పిల్ల భామ్రాగడ్ అవతలి ఊరిది. సిరోంచలో బంధువుల ఇంట్లో ఉండి చదివేది. ఎవరితోనూ మాట్లాడేది కాదు. మూడు భాషలు మింగి నాలుగోదానికి నోరు తెరిచేది, తెరిస్తే మాత్రం దవడ నేలకు తగిలేది.

నేను సార్ వెంట పడ్డాను. "నేనెందుకు గాదు సార్?"

"నీ దవడ ఇంక తెర్వలే బిడ్డా. ప్యాన్ అంటె పెన్ కాడనే ఆగుతున్నవ్. సిగ్గువడ్తున్నవ్. గా పిల్ల సిగ్గువడదు. వచ్చే ఏడు నువ్వు పో."

అడవి నుంచి వచ్చిన పిల్ల నా కంటే మేలా, అనుకున్నాను. ఈ మాట రాయాలని లేదు, కానీ అనుకున్న మాట అదే. ఆయన చెవుల్ని నేను మోస్తున్నాను, ఆయన పేరు నేను కాపాడుతున్నాను, పోటీకి మాత్రం ఆమె. ఇంటికి పోయి రిబ్బన్లు మేకపిల్ల మెడకు కట్టేశాను.

వారం తిరక్కుండా బళ్ళు చూసే సాహెబ్ వచ్చాడు. ముందు రోజే కబురొచ్చింది. సార్ అద్దం తీసి సొరుగులో పెట్టేశారు, బల్ల పక్కన అద్దమెందుకని అడుగుతాడేమోనని. కాబట్టి ఆ రోజు ఆయనకు ఉన్నదల్లా నేనే. పాఠం మొదలు పెట్టేముందు ఆయన నా వైపు చూసి, తన గడ్డం కింద ఒకసారి చెయ్యి పెట్టి తీశారు. బాగా తెరువు అని దానర్థం.

సాహెబ్ బుగ్గలో ఖర్రా ఉంది. మా వైపు తెలియని వాళ్ళు ఉండరు: సుపారీ, తంబాకు, సున్నం కలిపి నలిపి నోట్లో పెట్టుకుంటారు. అది నోట్లో ఉన్నవాడు గడ్డం పైకెత్తి, పళ్ళు బిగించి, పెదవులు కదపకుండా మాట్లాడతాడు. చెవులున్న వాళ్ళకే సగం అర్థం కాదు. ఆ మూతిలోంచి సార్‌కు ఒక్క అక్షరం కూడా దొరకదని నేను మొదటి మాటలోనే కనిపెట్టాను.

"గురూజీ, హజేరీ ఎంత?" అన్నాడు సాహెబ్ కుర్చీలో కూర్చుని.

సార్ నా వైపు చూశారు. నేను చప్పుడు లేకుండా అన్నాను. ఆయన ఎంతమంది వచ్చారో చెప్పారు. సాహెబ్ తలూపాడు. పిల్లలు బాగా పలుకుతున్నారని మెచ్చుకున్నాడు. అదీ అందించాను. సార్ ముఖం వెలిగింది.

"అహేరికి ఎవరు పోతున్నారు?" అన్నాడు సాహెబ్.

ఆ ప్రశ్న కూడా నేనే అందించాను. నా మూతితోనే. సార్ నా తల మీదుగా వెనక బెంచీ చూపించి, "గా పిల్ల సాహెబ్. గసొంటి పలుకు నా నౌకరిల సూడలే," అన్నారు. ఆయన పెద్ద గొంతుకు గది నిండిపోయింది.

నాకు చెవులు కాలిపోయాయి.

సాహెబ్ ఆ పిల్ల వైపు తిరిగి, మళ్ళీ సార్‌తో అన్నాడు. "ఏ ఊరి పిల్ల? తండ్రి ఏం చేస్తాడు?"

సార్ నా వైపు చూశారు.

నేను నోరు మూసుకున్నాను.

మరిచిపోయి కాదు, భయపడీ కాదు. పెదవులు గట్టిగా బిగించి, ఆయన కళ్ళలోకి చూస్తూ మూసుకున్నాను. ఆయన కనుబొమ్మలు కొంచెం లేచాయి. ఆగారు. గడ్డం కింద చెయ్యి పెట్టారు. నేను కదల్లేదు. ఇంక ఆగితే బాగుండదని ఆయనే ఊహించుకుని, "అవును సాహెబ్, మంచిగ సదువుతది," అన్నారు.

సాహెబ్ మళ్ళీ అడిగాడు. "అవును సాహెబ్," అన్నారు సార్, నవ్వుతూ.

సాహెబ్ ఆయన్ను ఒక్క నిమిషం చూశాడు. లేచి కిటికీ దగ్గరికి పోయి ఖర్రా ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. తర్వాత నడుచుకుంటూ సార్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. "గురూజీ," అన్నాడు. నోట్లో ఇప్పుడేమీ లేదు, మాట స్పష్టంగా ఉంది. సార్ మా వైపే నవ్వుముఖంతో చూస్తున్నారు. "గురూజీ," అన్నాడు ఇంకా గట్టిగా. మేకు ఉంది, అద్దం లేదు.

వెనక బెంచీలో ఆ పిల్ల లేచి నిలబడింది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దవడ అంతా తెరిచి, చప్పుడు లేకుండా అంది: "సార్, ఎనుక. ఎనుక సూడుండ్రి."

ఆమెకు తెలుసన్నమాట. ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. ఆమె ఎవరికీ ఒట్టు వేయలేదు, బెల్లం తినలేదు, ఊరికే ఉండిపోయింది. సార్ ఆమె మూతి చదివి గిరుక్కున తిరిగారు. అప్పటికే సాహెబ్ మూడోసారి పిలిచి ఊరుకున్నాడు.

తర్వాత ఎక్కువ ఏమీ జరగలేదు. కేకల్లేవు, తిట్టుకోవడాల్లేవు. ఒక కాగితం వచ్చింది, చెవులు చూపించుకోవడానికి సార్ చంద్రపూర్ పోయారు, తిరిగొచ్చాక బడికి రాలేదు. పోటీకి తీసుకుపోయే వాళ్ళు లేక ఆ పిల్లా పోలేదు. ఒక పొద్దున పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది, మా అమ్మ ఎప్పుడో కూర ఇచ్చిన గిన్నె తిరిగివ్వడానికి. పాతగూడెం పోతున్నామని, అక్కడ తన పుట్టింటి వాళ్ళు ఉన్నారని మా అమ్మతో గొంతు పెట్టే చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. నా వైపు తిరిగి చూసింది. మూతి కదపలేదు.

ఇక్కడితో అయిపోతే నేను ఇంత పరేషాన్ అయ్యేదాన్ని కాదేమో. సార్‌కు తెలియదు, భయంతో బిగుసుకుపోయాననుకుని ఉంటారు అని సర్దుకునేదాన్ని. రెండేళ్ళ పాటు అట్లాగే సర్దుకున్నాను కూడా.

పదో తరగతిలో ఉన్నాను. అమ్మా నేనూ సిరోంచ బస్టాండులో నిలబడ్డాం. పాతగూడెం వైపు పోయే ఎర్రబస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన సార్, ఆయన పక్కన పెద్దమ్మ. ఆయన గడ్డం మీద సుద్ద లేదు. సుద్ద లేని ఆ గడ్డాన్ని నేను అదే మొదటిసారి చూడటం, ఎవరో ముసలాయన అనుకున్నాను ముందు. చూడగానే కాళ్ళు అటు పోయాయి. కిటికీ కింద నిలబడ్డాను. ఆయన నన్ను గుర్తుపట్టారు, నవ్వారు కూడా. చుట్టూ జనం, ఇంజను రొద. మాకు గొంతు అవసరం లేదు కదా. చప్పుడు లేకుండా అన్నాను.

"తప్పయింది సార్."

ఆయన నా మూతి చూశారు. కళ్ళు చిట్లించారు. కిటికీలోంచి చెయ్యి బయటికి తీసి తన గడ్డం కింద పెట్టి కిందికి ఆడించారు. ఇంకా తెరువు.

సిగ్గుతో పళ్ళ సందులోంచే అన్నానన్నమాట, క్షమాపణ కూడా. చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, దవడ చేతికి తగిలేలా, మళ్ళీ అన్నాను. "తప్పయింది సార్."

ఆయన తలూపారు. అర్థమైంది. అప్పుడు తన గొంతుతో, వంకాయల ధర అడిగే ఆ గొంతుతో అడిగారు.

"అది తెల్సు బిడ్డా. ఆ దినం నోరెందుకు మూసుకున్నవ్? గది చెప్పు."

బస్టాండంతా తిరిగి చూసింది. మా అమ్మ తిరిగి చూసింది. ఆయన గొంతులో కోపం లేదు. లెక్క ఎందుకు చెయ్యలేదని అడిగినట్టే ఉంది. రెండేళ్ళుగా ఆ ఒక్కటీ అర్థం కాక అడుగుతున్నారు. పెద్దమ్మ ముందుకు వంగి ఆయన భుజం మీదుగా నా మూతినే చూస్తోంది. భయమేసింది సార్ అంటే నమ్మేవారు. ఆ మాట కోసమే చూస్తున్నారేమో కూడా. చేతికీ గడ్డానికీ మధ్య సందు అట్లాగే ఉంది. దవడ దిగలేదు.

కండక్టరు గంట కొట్టాడు. బస్సు కదిలింది. ఆయన తల బయటికి పెట్టి, మలుపు తిరిగేదాకా నా మూతినే చూశారు.

కొన్నేళ్ళ తర్వాత ఆ దారి కండక్టరే చెప్పాడు, వానల్లో సార్ పాతగూడెంలో పోయిండని, నది నిండుగా ఉండి సావుకు ఎవరూ పోలేకపోయారని. అప్పటి నుంచి చప్పుడు లేకుండా కదిలే మూతి ఏది కనబడినా నాకు ఆ కిటికీయే. అద్దాల తలుపు అవతల మాట్లాడేవాళ్ళు, జపం చేసుకునే ఆడవాళ్ళు, నిద్రలో పెదవులు కదిపే నా మనవరాలు. అందరూ అదే అడుగుతున్నట్టుంటుంది.

హోటల్లో టీవీలో ఆమె ఇంకా చదువుతూనే ఉంది. నా చాయ్ మీద తొరక కట్టింది. గడ్డం కింద చెయ్యి సరిగ్గా పెట్టుకున్నాను. దవడ బాగా దించాను, చేతిని కిందికి నెట్టేలా, ఆయన చెప్పినట్టే.

"ఆ పిల్లను ఎంచుకున్నరని సార్. నన్ను గాదని. అంతే సార్."

పక్కన ముసలమ్మ నా వైపు వంగింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"ఏందో అంటున్నవ్ బిడ్డా. జర గట్టిగ చెప్పు, ఇనవడ్తలేదు."

"ఏం లేదమ్మా," అని నోరు మూసుకున్నాను.